ఆమ్నీ నెత్తిన ఇంటి క్యారియర్, నాలుగు రోజుల తిరుగుడు

కడపలో మేం దిగిన లాడ్జి పేరు రాయను. దాని గేటు ఎత్తు మాత్రం రాస్తాను: ఆరడుగుల ఆరంగుళాలు. మా మారుతీ ఆమ్నీ వ్యాను, దాని మీద సామాను కట్టే ఇనుప క్యారియర్, క్యారియర్ మీద సామాను, ఆపైన టార్పాలిన్, అన్నీ కలిపితే ఏడడుగుల పైమాటే. ఆ తేడా వల్ల రాత్రి తొమ్మిదిన్నరకి మా తమ్ముడు నడిరోడ్డు మీద బండెక్కి మూటలు విప్పాల్సి వచ్చింది. ఆ కథ చెప్పాలంటే ముందు క్యారియర్ కథ చెప్పాలి.

మాది అనంతపురం. బయలుదేరింది ఎనిమిది మందిమి: నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, అత్తమ్మ, తమ్ముడు, మరదలు, వాళ్ల రెండేళ్ల బిడ్డ. ఆమ్నీలో సీట్లు ఎనిమిదే. ఎనిమిది మందీ కూర్చున్నాక అందులో చెప్పుల జత పెట్టడానికి కూడా చోటుండదు. అత్తమ్మకేమో సొంత దుప్పటి, సొంత చెంబు, సొంత స్టవ్వు లేకుండా ఊరు దాటడం కుదరదు. కాబట్టి పైన క్యారియర్ తప్పలేదు.

ముందు ఒక షాపుకే వెళ్లాం. 5,800 చెప్పాడు, 1,000 అడ్వాన్సు తీసుకున్నాడు. వారం తర్వాత వెళ్తే నల్లగా మెరుస్తున్న క్యారియర్ చూపించాడు. చూపుకి బాగుంది. మా తమ్ముడు ఐటీఐలో ఫిట్టరు చేసినవాడు, ఊరుకోడు. జేబులోంచి బండి తాళంచెవి తీసి అతుకు మీద గీకాడు. నల్ల రంగు లేచింది, దాని కింద లప్పం, లప్పం కింద గోరు దూరేంత సందు. పైపు కూడా ఎంత పల్చనంటే వాడు రెండు చేతులా పట్టి నొక్కితే సొట్ట పడింది. "ఇది బండి మీదికా, పెళ్లి పందిరికా అన్నా?" అన్నాడు. షాపాయనకి కోపమొచ్చింది. గంటసేపు అరుచుకున్నాక 500 వెనక్కిచ్చాడు. మిగతా 500 ఈ రోజుకీ ఇవ్వలేదు.

ఆ కోపంలోనే, ఆదివారం మా వాకిట్లో పని మొదలైంది. 16 గేజు, ఇంచు స్క్వేరు పైపు ఇరవై అడుగులవి మూడు తెచ్చారు. ఇరవై ఒకటిన్నర కిలోలు తూగింది, కిలో 80 చొప్పున 1,720. కాళ్లకి ఇనుప పట్టీ 225. వెల్డింగు మిషను ఒకరోజు బాడుగ 400, రాడ్లు 220, కోత చక్రాలు 100, నట్లు బోల్టులు 180. తుప్పు పట్టకుండా ముందు పూసే రెడాక్సైడు, నల్ల ఎనామిల్, తిన్నరు కలిపి 380. ఇదంతా 3,225. పైన సామాను కట్టడానికి సాగే వల 350, టార్పాలిన్ 450, నైలాన్ తాడు 120. మొత్తం 4,145. షాపువాడు మింగిన 500 కలిపినా అతని ధర కంటే 1,155 తక్కువ.

కొలత ఐదడుగులు, నాలుగడుగులు. ఆమ్నీ పైకప్పుకి రెండు పక్కలా వాన నీళ్లు పోయే గాడి ఉంటుంది. క్యారియర్ బరువంతా ఆ గాడి అంచే మోయాలి. పక్కకి మూడు చొప్పున ఆరు కాళ్లు, ఒక్కొక్క కాలికి గాడి కిందినుంచి పట్టే కొక్కెం, మధ్యలో పాత లారీ ట్యూబు ముక్క. పైకప్పు రేకుకి ఒక్క బెజ్జం కూడా వేయలేదు, వెల్డింగు చేయలేదు. నట్లు విప్పితే పది నిమిషాల్లో మొత్తం కిందికి వస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండి స్వరూపం మార్చడం గురించే చెబుతుంది. కాబట్టి విప్పి తీసేలా ఉండటమే మంచిదని తమ్ముడి వాదన.

మా ఆయన కూడా ఒక చెయ్యి వేస్తానన్నారు. అక్కడే చెడింది. నాలుగు మూలలా ముందు వెల్డింగు చుక్కలు మాత్రం పెట్టి, ఎదురెదురు మూలల మధ్య టేపు పట్టి, రెండు కొలతలూ ఒకటేనని చూసుకున్నాకే పూర్తి వెల్డింగు వేయాలి. ఈయన ఉత్సాహంగా ఒక మూలంతా గట్టిగా అతికేశారు. ఇనుము వేడికి సాగి, చల్లారాక ముడుచుకుని, ఆ మూలని తనవైపు లాగేసింది. నేల మీద పెడితే ఒక కాలు పొట్టిదైన మంచంలా టకటకా ఊగుతోంది. "బావా, నువ్వు రంగు వేద్దువులే" అన్నాడు తమ్ముడు. మళ్లీ కోసి, మళ్లీ అతికేసరికి చీకటి పడింది. మా ఆయన ఆ రాత్రి అన్నం దగ్గర ఎవరితోనూ మాట్లాడలేదు.

మే నెల రెండో వారం, తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరాం. ఊరు దాటి బండి అరవై అందుకునేసరికి పైనుంచి సన్నటి కూత మొదలైంది. "ఒరే, ఎవరో ఏడుస్తున్నారు, బండి ఆపు" అంది అత్తమ్మ. ఆపితే కూత లేదు, కదిలితే ఉంది. తాడిపత్రి దాకా ముప్పావుగంట ఆ ఏడుపు వింటూనే పోయాం. అక్కడ టీ తాగుతూ తమ్ముడు రెండు పనులు చేశాడు. మూతలేని పైపు చివర్లకి ఎం-సీల్, అదే ఆరితే గట్టిపడే ముద్ద, కుక్కాడు. అన్నింటికంటే ముందున్న అడ్డపైపుకి తాడుని నాలుగువేళ్ల ఎడంతో మెలికలుగా చుట్టాడు. గాలి పైపు పొడవునా ఒకే తాళంలో విడిపోతే కూత వస్తుందట, మధ్యలో తాడు అడ్డం పడితే తాళం తప్పుతుందట. నాకు నమ్మకం కుదరలేదు గానీ, ఆ తర్వాత నాలుగు రోజులూ మళ్లీ కూత లేదు. క్యారియర్ చేయించుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకున్నా చాలు.

బెలుం గుహల్లో లోపల గాలి గొట్టాలు ఉన్నా చెమట ఆగదు. మూడు వేల రెండొందల మీటర్ల పైచిలుకు గుహలో మనల్ని పోనిచ్చేది కిలోమీటరున్నర. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గుహ అట్టడుగున ఉన్న పాతాళగంగ దాకా దిగొద్దు. అత్తమ్మ బయట చెట్టు కింద కూర్చుంది, మంచిపని చేసింది. గండికోటకి మాత్రం సాయంత్రమే వెళ్లండి. పగలు ఆ రాళ్లు పెనంలా కాలుతాయి. పొద్దు వాలాక పెన్న లోయ అంచున కూర్చుంటే, రెండేళ్ల పిల్లతో సహా మా బండి జనమంతా పావుగంట నోరెత్తలేదు. అది మా ఇంట్లో జరగని పని. రాత్రి జమ్మలమడుగులో 900 గది, ఫిర్యాదు లేదు.

దారిలో ఒకచోట పార్కింగు కుర్రాడు 100 చీటీ చింపాడు. కార్లకి 50 అని బోర్డు మీదే రాసుంది కదప్పా అంటే, "పైన క్యారియర్ ఉంటే ట్రావెల్స్ బండే మేడమ్" అన్నాడు. తెల్ల నంబరు ప్లేటు చూపించాను, ట్రావెల్స్ అయితే పసుపు ఉండాలి కదా అన్నాను. వాడు ప్లేటు చూడలేదు, క్యారియరే చూశాడు. మా ఆయన "పోనీలే" అని వందా ఇచ్చేశారు. ఈ పోనీలే వల్లే లోకం ఇలా తయారైందని నా అభిప్రాయం.

రెండోరోజు ఒంటిమిట్ట రామాలయం. ఒకే శిలలో సీతారామలక్ష్మణులు, గర్భగుడిలో పక్కన హనుమంతుడు ఉండడు. అత్తమ్మ ఆ మండపం స్తంభాల మధ్య రెండు గంటలు కదల్లేదు. అందుకే వెనక్కి కడప చేరేసరికి తొమ్మిదిన్నర అయింది.

లాడ్జికి ముందే ఫోన్ చేసి రెండు ఏసీ గదులు మాట్లాడి ఉన్నాం. ఒక్కోటి 1,600. వెయ్యి ముందే పంపించాం. "పార్కింగు ఉందా" అంటే "లోపలే సార్, బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు. పార్కింగు నిజంగానే ఉంది. దానికి ముందు సిమెంటు కమాను కూడా ఉంది. వాచ్‌మన్ తాపీగా వచ్చి, పైకి చూసి, "సామాను దించితే పోతుంది" అన్నాడు. సామాను దించి రెండో అంతస్తుకి మోయాలి, లిఫ్టు పనిచేయడం లేదు. బండి రోడ్డు మీదే వదిలేద్దామంటే, "పోతే మాకు సంబంధం లేదు" అన్నాడు మేనేజరు. పోనీ డబ్బులు వెనక్కివ్వండి, ఇంకోచోటికి పోతాం అంటే, అడ్వాన్సు వాపసు లేదని గోడ మీది కాగితం చూపించాడు. ఆ కాగితం పక్కనే "అతిథి దేవోభవ" అని ఉంది.

తమ్ముడు ముడులు విప్పుతుంటే నేను కింద టార్చి పట్టుకున్నాను. గంట పట్టింది. బిడ్డ ఏడుస్తోంది. మరదలు అప్పటిదాకా గలగలా మాట్లాడిన మనిషి, ఆ రాత్రి నుంచి అహోబిలం దాకా ఒక్కమాట మాట్లాడలేదు. తీరా సామాను దించాక క్యారియర్ మాత్రం కమాను కింద నాలుగువేళ్ల సందుతో దూరింది గానీ, లోపల ఖాళీ లేదు, పెళ్లివాళ్ల కార్లు నిండిపోయాయి. బండి మళ్లీ రోడ్డు మీదికే వచ్చింది. గదిలో ఏసీ రిమోటు కావాలంటే 300 డిపాజిట్. దిండు గలీబు మీద ఎవరిదో జుట్టు నూనె మరక, అరచేయంత. అత్తమ్మ సొంత దుప్పటి తెచ్చుకున్నందుకు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను.

పొద్దున బిల్లు 3,650. గదులు 3,200, జనరేటర్ 250, పార్కింగు 200. జనరేటర్ వేసిన చప్పుడు మాకెవరికీ వినిపించలేదు. పార్కింగు అంటే, మునిసిపాలిటీ రోడ్డుకి వీళ్లు బాడుగ తీసుకుంటున్నారన్నమాట. మా ఆయన పర్సు తీస్తుంటే చెయ్యి పట్టుకున్నాను. అరగంట వాదిస్తే 200 కొట్టేశారు. రిమోటు డిపాజిట్ కూడా మర్చిపోకుండా అడిగి తీసుకున్నాను. అప్పటినుంచి బండి మొత్తం ఎత్తు, ఏడడుగుల రెండంగుళాలు, అట్టముక్క మీద రాసి స్టీరింగు పక్కన అతికించాం. గది అడిగేముందు గేటు ఎత్తు అడగండి. నవ్వితే నవ్వనీండి.

ఆ ఊరి మీద మాత్రం నాకు కోపం లేదు. లాడ్జి ఎదురుగానే తోపుడుబండి మీద వెన్న కారం దోసె 50కి తిన్నాం. ఎర్రకారం నాలుకని పట్టుకుని వదల్లేదు, మా చిన్నది కూడా కళ్లనీళ్లతోనే రెండోది అడిగింది. ఇక మైదుకూరు దాటాక, రేకుల షెడ్డు కింద ఒక పెద్దమ్మ దగ్గర తిన్న రాగిసంగటి సంగతి వేరు. ప్లేటు 60. రెండు ముద్దలు, పప్పు, చెనిక్కాయల ఊరుబిండి. ముద్ద మధ్య వేలితో గుంట చేసి, అందులో నెయ్యి తనే పోసింది, దానికి డబ్బులు అడగలేదు. అత్తమ్మ పళ్లు చూసి, ఆమె ముద్దని విడిగా మజ్జిగలో కలిపి గిన్నెలో ఇచ్చింది. మా ఆయన మూడు ముద్దలు తిని, రెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వారు.

అహోబిలంలో ఒక సత్రం పెద్ద గది 500. ఏసీ లేదు, నాపరాళ్ల నేల చల్లగా ఉంది. సత్రం పెద్దాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, క్యారియర్ పట్టుకుని ఊపి, "కదల్లేదే! ఎవరు చేసినారు నాయనా?" అన్నాడు. తమ్ముడు ఆ రోజంతా నేల మీద నడవలేదు. ఎగువ అహోబిలం ఘాటెక్కేముందు సామానంతా సత్రంలో దించేశాం. 796 సీసీ ఇంజను, పైగా అది ముందు సీట్ల కిందే ఉంటుంది. ఎక్కువసేపు రెండో గేరులో ఎక్కితే డ్రైవరు కూర్చున్నచోటే కాలుతుంది. నెత్తిన బరువు ఉంటే మలుపుల్లో బండి ఒరిగే తీరు కూడా మారుతుంది. క్యారియర్ బరువు కాక నలభై కిలోలు దాటనివ్వను అని తమ్ముడు ముందే గీత గీశాడు. అది ఎంత పట్టు పట్టాడో చివరిరోజు తెలిసింది.

ఆ చివరిరోజు యాగంటి కోనేట్లో స్నానం అయ్యాక బనగానపల్లె దగ్గర ఒక మామిడితోట ముందు ఆగాం. కాయ కిలో 35. మా ఆయన యాభై కిలోలు అన్నారు, తమ్ముడు నలభై అన్నాడు. ఇద్దరూ తక్కెడ పక్కన నిలబడి, తోటవాళ్ల ముందే వాదించుకున్నారు. చివరికి రెండు క్రేట్లు, నలభై కిలోలు, 1,400. పరుపులన్నీ బండి లోపలికి వచ్చాయి, మేమంతా వాటి మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నాం. మామిడికాయలు మాత్రం గడ్డి పరుపు మీద, వల కింద, టార్పాలిన్ నీడలో దర్జాగా వచ్చాయి.

మీటరు 648 చూపించింది. పెట్రోలు 52 లీటర్లు, 5,720. ఉత్త బండికి లీటరుకి పదిహేను వచ్చేది, ఇప్పుడు పన్నెండున్నర. గాలికి అడ్డంగా నిలబడేది ఏదైనా ఇంత తినక మానదు. టూరు లేని రోజుల్లో విప్పి పెట్టుకుంటే మేలు.

విప్పి మేడ మీదే పెట్టాం. పైన ఒక పాత చీర పరిచి అత్తమ్మ దాని మీద వడియాలు పెడుతోంది. నాలుగు వైపులా గాలి తగులుతుంది, బాగా ఎండుతున్నాయట. వచ్చే వారం లేపాక్షి పోదామని తమ్ముడు ఫోన్ చేస్తే, "వడియాలు ఎండాక చూద్దాం" అని పెట్టేసింది.