జ్ఞానదంతం తీయించాక నోటి కంపు: హెక్సిడిన్ ఎంతవరకు పనికొస్తుంది?

జ్ఞానదంతం తీసిన రెండో రోజుకల్లా నోరు కంపు కొట్టడం మామూలే. గుంటలో గడ్డకట్టిన నెత్తురు, కుట్లకు పట్టిన పాచి, దవడ పూర్తిగా తెరుచుకోక బ్రష్ అందని వెనక పళ్లు, నీళ్లు సరిగా తాగక ఎండిన నోరు, అన్నీ కలిసి చేసే నిర్వాకం అది. దీనికి డెంటిస్టులు ఎక్కువగా రాసేది క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం. హెక్సిడిన్ అనే మౌత్‌వాష్‌లో ఉన్నది అదే.

మందు మంచిదే. ఉమ్మేశాక కూడా పళ్లకు, చిగుళ్లకు అంటుకుని కొన్ని గంటలు పనిచేస్తుంది కాబట్టి ఉదయం, రాత్రి 10 మి.లీ. చొప్పున చాలు. మండితే అంతే నీళ్లు కలుపుకోవచ్చు. చెడేదల్లా వాడే తీరు దగ్గరే. మొదటి 24 గంటలు అసలు ముట్టొద్దు. ఆ తర్వాత కూడా గలగలా పుక్కిలిస్తే నెత్తురు గడ్డ ఊడిపోతుంది. నోట్లో పోసుకుని, తల అటూ ఇటూ వంచుతూ నిమిషం పాటు గుంట మీదుగా పారనివ్వాలి. ఉమ్మకుండా, సింకు మీద వంగి నోరు తెరిస్తే అదే జారిపోతుంది. పేస్టుతో తోముకున్న వెంటనే వాడితే సగం దండగ. నురగ తెప్పించే సోడియం లారిల్ సల్ఫేట్ మందును దెబ్బతీస్తుంది. అరగంట ఆగాలి.

ఈ మందు వాడేటప్పుడు నాలుక మొద్దుబారి ఉప్పు తెలియదు. పప్పుచారు చప్పగా ఉందని మళ్లీ ఉప్పు వేసుకోకండి! టీ, కాఫీ తాగేవాళ్లకు పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి, అవి క్లీనింగ్‌తో గానీ పోవు. డాక్టరు చెబితే తప్ప రెండు వారాలు దాటించొద్దు.

భోజనం చేసిన ప్రతిసారీ మాత్రం ఉప్పునీళ్లే మేలు: గ్లాసుడు గోరువెచ్చని నీళ్లకు అర టీస్పూను. ఇదీ రెండో రోజు నుంచే.

మూడు నాలుగు రోజులకు నొప్పి తగ్గాల్సింది పోయి చెవి దాకా లాగుతూ, గుంట ఖాళీగా కనిపిస్తూ, కుళ్లు వాసన వస్తుంటే అది డ్రై సాకెట్, అంటే నెత్తురు గడ్డ ఊడిపోయిన గుంట. అక్కడ ఏ సీసా పనిచేయదు. డెంటిస్టు కడిగి మందు కూరాల్సిందే. చీము, జ్వరం, మింగలేకపోవడం ఉంటే ఆ రోజే వెళ్లాలి.

వారం దాటాక వచ్చే వాసన చాలాసార్లు గుంటలో ఇరుక్కున్న అన్నం మెతుకుదే. డాక్టరు సరేనంటే, సూది లేని వంపుమొన సిరంజితో ఉప్పునీళ్లు మెల్లగా కొడితే బయటికొస్తుంది.