రియోహాలో మూడు రాత్రులు: ఎక్కడ దిగాలి, ఎక్కడ తాగాలి

రియోహా ఉత్తర స్పెయిన్‌లో వైన్‌కు పేరుపడ్డ ప్రాంతం. బిల్బావోలో బస్సెక్కితే రెండు గంటల్లో అక్కడి ముఖ్య పట్టణం లోగ్రోన్యో. దారి పొడవునా నేను ‘రియోజా’ అంటుంటే పక్క సీటు పెద్దాయన ఓపిగ్గా ‘రియోహా’ అని దిద్దుతూనే ఉన్నాడు.

మొదటి రాత్రి లాగ్వార్దియాలో. కొండ మీద కోటగోడ మధ్య చిన్న ఊరు, వెనక కంటాబ్రియా కొండలు. ఊరి కిందంతా వైన్ నేలమాళిగలే, అందుకే లోపలికి కార్లు రానివ్వరు. చూడ్డానికి ముచ్చటే కానీ, రాళ్ల బాట మీద సూట్‌కేసు లాగేవాళ్లకు తెలుస్తుంది ఆ ముచ్చట. పైగా మేం తీసుకున్న గది యజమాని తలుపు కోడ్ పంపడం మర్చిపోయాడు. మధ్యాహ్నం మూడు, ఊరంతా భోజనంలో ఉంది, ఫోన్ ఎత్తే దిక్కు లేదు. నలభై నిమిషాలు సూట్‌కేసు మీదే కూర్చున్నాం. సాయంత్రం మాత్రం గోడ మీంచి తోటలు చూశాక కోపం సగం పోయింది. ఒక్క రాత్రికి చాలు.

ఆ తోటల గురించి చెప్పాలి. హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్ష పందిళ్లు చూసిన కళ్లకు ఇక్కడి పాత తోటలు వింతగా ఉంటాయి. పందిరీ లేదు, తీగా లేదు. మోకాలెత్తు మోడులు, ఒక్కో మోడుకు నాలుగైదు కొమ్మలు. గైడ్ అనుమతితో ఇక్కడి నల్లద్రాక్ష రకం టెంప్రానియో పండు ఒకటి నోట్లో వేసుకున్నా. మన అనాబ్-ఎ-షాహీ ముందు చాలా చిన్నది, తొక్క మందం, లోపల గింజలు. ముందు తీపి, తొక్క నమలగానే నేరేడు పండు తిన్నట్టు నాలుక పట్టేసే వగరు. రెడ్ వైన్‌లో వచ్చేదీ ఆ వగరే. ‘టెంప్రానో’ అంటే పెందలాడే అని. మిగతా రకాలకంటే ముందు పండుతుంది కాబట్టి ఆ పేరు.

అరో ఊరిని (రాసేటప్పుడు ముందు ఒక హెచ్ ఉంటుంది, పలకరు) మాత్రం మానొద్దు. ఫ్రాన్స్ ద్రాక్షతోటల్ని ఫిలోక్సెరా పురుగు తినేసిన రోజుల్లో అక్కడి వ్యాపారులు సరుకు కోసం ఇటు వచ్చారు. రైలు ఉంది కాబట్టి వైనరీలన్నీ స్టేషన్ పక్కనే లేచాయి. అందులో 1877 నాటి లోపెస్ దె ఎరెదియాకు వెళ్లాం. పీపాలు ఇప్పటికీ వాళ్లే చేసుకుంటారు. నేలమాళిగలో సీసాల మీద సాలెగూళ్లు దులపరు. బిరడాలు తినే పురుగుల్ని సాలీళ్లు పట్టుకుంటాయట! మా అమ్మ చూస్తే చీపురు అందుకునేది. ముందే బుక్ చేసుకోకపోతే లోపలికి పోనివ్వరు.

ఎల్సియేగో ఊళ్లో ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెరీ కట్టిన హోటల్ ఉంది, గులాబీ, బంగారు రంగు రేకులు గాలికి ఎగిరినట్టు. ధర చూసి బయటి నుంచే ఫొటో తీసుకున్నాం.

మిగతా రెండు రాత్రులు లోగ్రోన్యోలో. మళ్లీ వెళ్తే మూడూ అక్కడే ఉంటాను, ఒక్క లౌరెల్ వీధి కోసం. ఒక్కో బార్‌కు ఒక్కో వంటకం పేరు. పుట్టగొడుగుల బార్‌లో వెల్లుల్లి నూనెలో కాల్చిన మూడు గొడుగులు ఒకదానిపై ఒకటి, పైన చిన్న రొయ్య, కింద ఆ నూనంతా పీల్చుకున్న బ్రెడ్డు ముక్క. మా ఆవిడ శాకాహారి. ‘సిన్ గాంబా’ అంటే రొయ్య తీసేసి ఇచ్చారు. వైన్ అడిగేటప్పుడు ‘క్రియాన్సా’ అనండి. ఏడాదైనా పీపాలో ఉండి, మొత్తం రెండేళ్లు పూర్తయ్యాకే ఆ ముద్ర వేస్తారు. మాటకర్థం పెంపకం! ఇంకా ఎక్కువ కాలం నిలవుంచే గ్రాన్ రెసెర్వాకైతే అయిదేళ్లు. బార్ కౌంటర్ దగ్గర నిలబడి తాగడానికి క్రియాన్సాయే హాయి, రెండు మూడు యూరోల్లో గ్లాసు వస్తుంది.

ఊళ్ల మధ్య బస్సులున్నాయి గానీ ఆదివారం వాటిని నమ్ముకోకండి. కారు తీసుకుంటే నడిపేవాళ్లు తాగకూడదు, అదొక ఇంటి తగాదా. మేం టాక్సీకి ముందురోజే ఫోన్ చేయించాం.

తిరుగు ప్రయాణంలో ఒక లెక్క. మన కస్టమ్స్‌లో మనిషికి రెండు లీటర్ల వరకే సుంకం ఉండదు. సీసా 750 మిల్లీలీటర్లు, అంటే తలా రెండే. నాలుగూ నా లుంగీల్లో చుట్టి తెచ్చాం. మూడు క్షేమం, ఒక లుంగీ మాత్రం ఇంకా ఎర్రగానే ఉంది.