ముసలి యుద్ధనౌకకు ఏది మేలు: ఒడ్డా, నీళ్లా, తుక్కా?

నౌకాదళం ఒక నౌకను సేవ నుంచి తప్పించిందనగానే రెండు గొంతులు లేస్తాయి. దేశం కోసం పోరాడిన నౌక కాబట్టి మ్యూజియం చేయాలని ఒకరు, ఇనుమే కదా వేలం వేస్తే డబ్బులొస్తాయని ఇంకొకరు. ఇద్దరి మాటా కొట్టిపారేసేది కాదు. అయితే నౌక ఎంత పెద్దది, నిలిపేది నీటిలోనా నేల మీదా, ఏటేటా అయ్యే ఖర్చు ఎవరిది అన్నవి తేలకుండా ఏది మేలో చెప్పలేం. నా మటుకు చిన్న నౌకను ఒడ్డుకెక్కించడమే మేలు. పెద్దదాన్ని నీటిలో తుప్పు పట్టనిచ్చి మ్యూజియం అనిపించుకోవడం కన్నా తుక్కు చేయడమే నయం.

ఒడ్డుకెక్కినదానికి మన దగ్గరి ఉదాహరణ విశాఖ ఆర్కే బీచ్‌లోని కుర్సురా. 1969 డిసెంబరు 18న సోవియట్ యూనియన్‌లోని రీగాలో మన నౌకాదళంలో చేరిన జలాంతర్గామి ఇది. అప్పట్లో సూయజ్ కాలువ మూతబడి ఉండటంతో ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావలసి వచ్చింది. 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. ఆ తర్వాతి ఘట్టం గురించి తక్కువమంది మాట్లాడుకుంటారు. 1975లో దీన్ని పక్కన పెట్టి, భాగాలు ఊడదీసి తోటి జలాంతర్గాములకు బిగించారు. అలా విడిభాగాల కొట్టుగా మారినదాన్ని 1980లో మళ్లీ మరమ్మతుకు ఎక్కించి, 1985 నాటికి సముద్రంలోకి పంపారు. 2001 ఫిబ్రవరి 27న విరమణ. 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. దీన్ని తీరానికి చేర్చి నిలబెట్టడానికి అయిన ఖర్చు సుమారు 5.5 కోట్ల రూపాయలు.

ఒక చివర మెట్లెక్కి లోపలికి వెళ్తే, మరో చివర దిగేదాకా దారి ఒక్కటే. ముందున్నవారు ఆగితే వెనక వరసంతా ఆగాలి. పొడుగు 91 మీటర్లు, వెడల్పు ఏడున్నర మీటర్లు. ఆ వెడల్పులోనూ గొట్టాలు, కవాటాలు, మీటర్లు పోగా మనిషికి మిగిలేది అంతంతమాత్రం. పడుకునే బల్లలు చూసి పిల్లలు ముచ్చటపడతారు, పొడగరులు మాత్రం తల తడుముకుంటూ నడుస్తారు. ఇందులో 22 టార్పెడోలతో (నీటిలో దూసుకెళ్లి పేలే ఆయుధాలతో) పాటు సుమారు 75 మంది వారాల తరబడి బతికారంటే, ఆ ఇరుకులో నిలబడినప్పుడే నమ్మకం కలుగుతుంది. చూపించి చెప్పేది నౌకాదళంలో పనిచేసి రిటైరైనవారు కావడం ఇంకో లాభం. జలాంతర్గామిని మ్యూజియం చేయడంలో సుఖం ఇదే: అద్దాల పెట్టెలు, బొమ్మలు పెద్దగా అక్కర్లేదు, ఆ ఇరుకే ప్రదర్శన.

లోపాలు లేకపోలేదు. సముద్రానికి అంత దగ్గర ఉక్కును నిలిపితే ఉప్పుగాలి ఊరుకోదు. గీకడం, అతకడం, రంగు వేయడం ఎప్పటికీ తెమిలే పని కాదు. అయినా ఆ పనంతా నేల మీద నిచ్చెన వేసుకుని చేసుకోవచ్చు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడినా కుర్సురా నిలిచింది.

ఇక నీటిలో ఉంచినదాని కథ విక్రాంత్‌ది. 1961 మార్చి 4న బెల్‌ఫాస్ట్‌లో నౌకాదళంలో చేరిన ఈ విమానవాహక నౌక 1997లో విరమించి, 2001 నుంచి కొన్నేళ్లు ముంబైలో తేలే మ్యూజియంగా ఉండేది. తేలే నౌకతో చిక్కు ఏమిటంటే దాని అసలు ఆరోగ్యం నీటి కింద ఉంటుంది. అడుగు పలకలు ఎంత పలచబడ్డాయో సరిగ్గా చూసి బాగుచేయాలంటే డ్రై డాక్‌కు, అంటే నీళ్లు తోడేసి నౌకను పొడిగా నిలిపే చోటుకు తీసుకెళ్లాలి. ఇంజన్లు పనిచేయని రెండు వందల మీటర్ల నౌకను టగ్‌లతో (లాగే పడవలతో) లాగించి, పనిలో ఉన్న నౌకలు ఎదురుచూసే డాక్‌లో దానికి చోటు ఇప్పించడం చిన్న పని కాదు. పైగా రేవులో స్థలమూ ఖాళీ లేదు. 2012లో భద్రతా కారణాలతో సందర్శకులను ఆపేశారు. 2014లో సుమారు 60 కోట్లకు తుక్కుకు అమ్మారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లినా విడగొట్టడం ఆగలేదు.

విశాఖవాసులకు ఇక్కడ మనసు చివుక్కుమనే సంగతి ఒకటుంది. 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దాకా వచ్చింది విక్రాంత్ కోసమే. డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి అది ఇక్కడే మునిగింది. ఆ యుద్ధ విజయానికి గుర్తుగా కట్టిన స్మారకం బీచ్‌లో ఉంది, దగ్గరలోనే కుర్సురా ఉంది. ఘాజీ వెతుక్కుంటూ వచ్చిన నౌక మాత్రం ఎక్కడా లేదు. దాని లోహంలో కొంత బజాజ్ మోటారు సైకిళ్ల పెట్రోలు ట్యాంకుల్లోకి వెళ్లింది. చాలామందికి అది వ్యాపారపు ఎత్తుగా తోచింది గానీ, నాకైతే తుప్పు పట్టి మునగడం కన్నా రోడ్డెక్కడం బాగానే ఉంది. పేరు 2022లో కొచ్చిలో కొత్త నౌకకు దక్కింది. నౌకాదళాల సంప్రదాయంలో ఇంతకు మించిన స్మారకం లేదు.

విరాట్ అనే మరో విమానవాహక నౌకది ఇంకో వరస. అర్జెంటీనాతో జరిగిన ఫాక్లండ్స్ యుద్ధంలో బ్రిటన్ తరఫున హెర్మిస్ పేరుతో ముందు నడిచి, 1987లో మనకొచ్చి, 2017లో విరమించింది. విశాఖకు తెచ్చి పర్యాటక కేంద్రం చేస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్సాహపడింది. 2018లో మహారాష్ట్ర మంత్రివర్గం 852 కోట్లతో మ్యూజియానికి ఆమోదం కూడా తెలిపింది. చివరికి 38.54 కోట్లకు అమ్ముడై 2020లో నౌకలు విడగొట్టే గుజరాత్‌లోని అలంగ్ తీరానికి చేరింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఏప్రిల్ నాటికి దాదాపు 40 శాతం విప్పేశారని తేలడంతో ఇక చేసేది లేకపోయింది. 852కూ 38కీ మధ్య ఉన్న తేడా చూస్తే వాదించేవారు కూడా కాసేపు ఆగుతారు.

సముద్రం అడుగున దించి చేపలకు ఆవాసంగా వదిలే దారి కూడా ఉంది. అమెరికా 2006లో ఒరిస్కనీ అనే విమానవాహక నౌకను ఫ్లోరిడా తీరానికి దూరంగా అలాగే ముంచింది. నూనెలు, విష పదార్థాలు తీసి శుభ్రం చేయడానికే భారీ ఖర్చయింది. పైగా చూడగలిగేది సముద్రం లోతుకు డైవింగ్ చేయడం వచ్చినవారే.

కాబట్టి కుర్సురా వైపే మొగ్గుతాను, కానీ చిన్నదైతే చాలు అనను. అదే తరహా జలాంతర్గామి వాగ్లీ 2010లో విరమిస్తే తమిళనాడులోని మామల్లపురంలో మ్యూజియం చేయాలనుకున్నారు. అది కాలేదు. అందుకే ఇకపై ఏ నౌకకైనా మ్యూజియం ప్రకటన వెలువడితే ప్రారంభోత్సవం తేదీ కన్నా ముందు అడగవలసినది పదో ఏట వెల్డింగుకూ రంగులకూ డబ్బు ఏ పద్దు నుంచి వస్తుందని. దానికి జవాబు కాగితం మీద లేకపోతే వేలమే వేయండి, ఒక లంగరో చుక్కానో మాత్రం ముందే తీసి పెట్టండి.