ఆప్ లియూ స్ట్రీట్‌లో లాప్‌టాప్ రిపేర్: 5కి 4 స్టార్లు

హాంకాంగ్‌లో షామ్ షుయ్ పో మెట్రో స్టేషన్ మెట్లెక్కితే ఎదురుగా ఆప్ లియూ స్ట్రీట్. పాత ఫోన్లు, రిమోట్లు, వైర్ల కట్టలు కుప్పలు పోసి అమ్ముతుంటారు, కోఠి గుజరాతీ గల్లీ గుర్తొచ్చింది నాకు. అక్కడ చిన్న బల్ల వేసుకుని కూర్చునే పెద్దాయన దగ్గరికి నా లాప్‌టాప్ తీసుకెళ్లా, ఆన్ చేస్తే లోగో దగ్గరే ఆగిపోతోంది, లోపల కటకటా చప్పుడు. అక్కడి భాష కాంటనీస్‌లో ఆయనకి ముందుగా చెప్పింది "సెయ్ గెయ్" ఒక్కటే. చచ్చిన మిషన్ అని అర్థం, సిస్టమ్ హ్యాంగైతే ఆఫీసులో అందరూ అనేది అదే.

ఆయన మూత విప్పి, హార్డ్‌డిస్క్ మీద వేలు పెట్టి చూసి "హోంగ్ జో" అన్నాడు. హాంకాంగ్‌లో ఉన్న హాంగే అది! సువాసన అని అసలు అర్థం, అగరుబత్తికీ అదే మాట, వాడుకలో మాత్రం టపా కట్టేసిందని. మదర్‌బోర్డు కూడా "గ్వా జో"నా అని భయపడుతూ అడిగా. గ్వా అంటే గుమ్మడి, దోస, పుచ్చ జాతి కాయ, మనిషి పోయినా మిషన్ పోయినా ఆ మాట వాడేస్తారు. "దుంగ్ గ్వా దౌ ఫూ" అని ఇంకోటుంది, బూడిద గుమ్మడికాయ, తోఫూ అని, జరగరానిది జరిగితే అనడానికి. మనం దిష్టికి కట్టే కాయ వీళ్లకి చావు కబురన్నమాట. (ఎవరింట్లోనైనా నిజంగా మనిషి పోతే ఇవేవీ అనకండి, "గ్వో సాన్" అనాలి.)

బోర్డు బాగానే ఉందన్నాడు. అదీ పోయిందని చెప్పి ఇంకో వెయ్యి డాలర్లు లాగొచ్చు, నాకేం తెలుస్తుంది? లాగలేదు. పాత డిస్క్ బదులు వేసిన కొత్త ఎస్‌ఎస్‌డీతో కలిపి 420 హాంకాంగ్ డాలర్లు, గంటలోపే పని అయిపోయింది. పాత ఫోటోలకి మాత్రం "మౌ దాక్ గౌ", ఇక బతికించలేమని చెప్పేశాడు, ప్రయత్నించినందుకు పైసా తీసుకోలేదు. ఒక స్టార్ తగ్గించింది బిల్లు ఇవ్వనందుకు, కార్డు తీసుకోనందుకు. వారంటీ కూడా నోటిమాటే.

పాత డిస్క్ చేతిలో పెడుతూ "మాయ్ హామ్ ఆప్ దాన్" అని నవ్వాడు, ఉప్పు బాతుగుడ్లు అమ్ముకోడానికి వెళ్లిందట, అంటే పైకి పోయిందని. ఆప్ లియూ అంటేనే బాతుల పాక, ఆ వీధిలో పోయినది ఇంకేం అమ్ముకుంటుంది మరి.