నాలుగేళ్లుగా మా గోడ మీదున్న 1861 నాటి మ్యాపు

మేముండేది అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, లౌడన్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). ఇక్కడ మనవాళ్లు ఎంతమంది ఉంటారో వేరే చెప్పక్కర్లేదు. 1861-65లో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అమెరికా అంతర్యుద్ధం మ్యాపు కొందామని వెతికితే దొరికినవన్నీ సైన్యాల కదలికలు, బాణం గుర్తులు. నేను తీసుకున్నది వేరే రకం. దక్షిణాది రాష్ట్రాల్లో ఏ కౌంటీలో జనాభాలో ఎంత శాతం బానిసలో చూపిస్తూ, ప్రభుత్వ మ్యాపులు తయారుచేసే కోస్ట్ సర్వేలో పనిచేసిన ఎడ్విన్ హెర్గెషైమర్ 1861లో గీసిన మ్యాపు. బానిసల విముక్తి ప్రకటనను అధ్యక్షుడు లింకన్ తొలిసారి చదివి వినిపించడాన్ని ఫ్రాన్సిస్ కార్పెంటర్ అనే చిత్రకారుడు బొమ్మగా వేశాడు, అందులో కుడివైపు మూలన కనబడేది ఇదే.

నాకు ఇందులో ప్రాణం ఒక్కటే. ప్రతి కౌంటీలో అంకె ఉంటుంది. ముదురు రంగు, లేత రంగుతో సరిపెట్టకుండా 1860 జనాభా లెక్కల శాతాన్ని కౌంటీ మీదే వేశారు. మిసిసిపీ నది ఒడ్డున ఇసాక్వీనా కౌంటీలో 92.5. అదే వర్జీనియా పడమటి కొండలకు వెళ్తే కాగితం దాదాపు తెల్లగా ఉంటుంది. 1863 జూన్‌లో వెస్ట్ వర్జీనియా అనే వేరే రాష్ట్రంగా విడిపోయింది ఆ వైపే. మా కౌంటీ మీద వేలు పెట్టి, పాతిక అని చూసి మా అమ్మాయి, "అంటే మన ఊళ్లో నలుగురిలో ఒకరా నాన్నా?" అంది. ఆ సాయంత్రమంతా ఇంకో మాట మాట్లాడలేకపోయాను.

ఇక బాధ సంగతి. మొదట ఫ్రేము కట్టిన చిన్న ప్రింటు ఆన్‌లైన్లో కొన్నాను. హాల్లో, సాయంత్రం ఎండ పడే గోడకు తగిలించాం. రెండు వేసవులు గడిచేసరికి నలుపు నలుపులాగే ఉంది కానీ లేత బూడిద రంగులు వెలిసిపోయాయి. మా లౌడన్‌కీ, ఆ పడమటి కొండలకీ తేడా లేకుండా పోయింది! వేరే బొమ్మ వెలిస్తే అందం తగ్గుతుంది, ఇది వెలిస్తే అబద్ధం చెబుతుంది. అమ్మినవాళ్లకు రాస్తే ఎండ తగలనివ్వద్దన్నారు, అంతే. పైగా ఆ సైజులో ముదురు కౌంటీల అంకెలు నలుపులో కలిసిపోయి, భూతద్దం పెట్టినా ఆనలేదు. చివరికి ఇక్కడి ప్రభుత్వ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఉచితంగా ఇచ్చే స్కాన్ దించుకుని, పెద్దగా ప్రింటు తీయించి, ఎండ రాని మెట్ల పక్కన పెట్టాం. రెండేళ్లయింది, ఇప్పటికి బాగానే ఉంది.

కొత్తలో ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ "యుద్ధం ఎందుకొచ్చిందో తెలియాలంటే ఈ ఒక్క కాగితం చాలు" అనేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా అనను. రంగు చెప్పేది శాతం, మనుషుల లెక్క కాదు. కారునలుపు ఇసాక్వీనాలో బానిసలు 7,244 మంది అయితే, లేతగా కనబడే మా లౌడన్‌లో 5,501 మంది. చూపుకు మాత్రం పొంతనే ఉండదు. మా కౌంటీలోనే ఉన్న 1,252 మంది స్వతంత్ర నల్లవాళ్లకు ఇందులో చోటే లేదు. బానిసలకైతే ఆ జనాభా లెక్కల్లో చాలావరకు పేర్లు కూడా రాయలేదు, యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు, దాదాపు అంతే.

మేం ఈ నేల మీదే ఉంటున్నాం, పిల్ల స్కూల్లో ఇదే చదువుతోంది కాబట్టి మాకు విలువైంది. యుద్ధాలు ఎక్కడ జరిగాయో కావాలంటే ఇది పనికిరాదు. ఇతర చోట్ల ఉండేవాళ్లకు స్కాన్ చాలేమో. ప్రింటే కావాలనుకుంటే, డబ్బు కట్టేముందు ఇసాక్వీనా అంకె చదవగలిగేలా ఉందో లేదో ఫొటో పంపమని అడగండి.