పెరటి మడా, మేడ మీద కుండీలా? కార్తీకంలో ఏది మేలు?

వానలు తెరిపిచ్చి కార్తీకం రాగానే తెలిసినవాళ్లంతా అడిగే ప్రశ్న ఇదే. చలికాలం కూరగాయలు పెరట్లో మడి కట్టి వేసుకోవాలా, మేడ మీద కుండీల్లోనా? ఈ జవాబు గోదావరి కాలవల కింద ఉన్న ఊళ్లవాళ్లకు మాత్రమే. అనంతపురంలోనో హైదరాబాద్‌లోనో లెక్క వేరు.

మేడ నికరంగా గెలిచేది ఎండ దగ్గర. మన పెరళ్లలో కొబ్బరి, పనస, మామిడి నీడ ఎలాగూ ఉంటుంది. పైగా ఈ నెలల్లో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు కాబట్టి, ఇంటికి ఉత్తరాన పెరడు ఉంటే ఇంటి నీడే దాని మీద పడుతుంది. టమాటా, వంగ, మిర్చికి రోజుకు ఆరు గంటల ఎండైనా ఉండాలి. ఆకుకూరలైతే అందులో సగంతో సర్దుకుంటాయి. పెరట్లో ఆ మాత్రం ఎండ కూడా పడని వాళ్లు ఆలోచించకుండా మేడెక్కొచ్చు. సముద్రం వైపు బోరులో ఉప్పునీళ్లు పడే ఊళ్లలోనూ అంతే. మంచినీళ్లు పొదుపుగా పోసుకోవడానికి నాలుగు కుండీలే నయం. మేడ మీద బరువు మాత్రం మరిచిపోకండి. తడి మట్టి ఘనపుటడుగుకు నలభై అయిదు కిలోల పైమాటే. అందుకే సగం కొబ్బరి పొట్టు కలుపుతారు. ఆ పొట్టును రెండు మూడుసార్లు నీళ్లలో నానబెట్టి పిండకపోతే అందులోని ఉప్పుకి నారు మాడిపోతుంది.

పెరడు వద్దనేవాళ్లు చెప్పే కారణం నీళ్లు నిలవడం. నిజమే, మనది జిగురు ఒండ్రు నేల. కాలవల్లో నీళ్లు పారుతున్నన్నాళ్లూ అడుగు తడి ఆరదు. తుఫాన్లకూ ఇదే కాలం. కోనసీమను ఊడ్చేసిన తుఫాను 1996 నవంబరు 6న వచ్చింది. 2023లో మిచాంగ్ డిసెంబరు మొదటి వారంలో కోతకొచ్చిన చేలను ముంచింది. టమాటా మొక్క వేళ్లు రెండు రోజులు నీళ్లలో నానితే తేరుకోవడం కష్టం. కానీ దీనికి మందు ఉంది. నేలకు అడుగు ఎత్తున, మూడడుగుల వెడల్పున మడి కట్టి, చుట్టూ పాత ఇటుకలో కొబ్బరి దుంగలో పేర్చి, మట్టిలో ఇసుక, మాగిన పశువుల ఎరువు, మిల్లు ఊక బూడిద కలిపితే వాన నీరు పక్క బోదెలోకి దిగిపోతుంది. అదే తుఫాను గాలికి మేడ మీద గ్రో బ్యాగులన్నీ కిందికి మోసుకు రావాలి. కాబట్టి నీళ్ల సంగతిలో పెరడూ మేడా రెండూ సమానమే అంటాను.

నా లెక్కలో తేల్చేది వేరే ఉంది: పురుగూ ఎలుకా వస్తే కాపలా ఎవరు?

చిక్కుడు సంగతే తీసుకోండి. పొద్దు తగ్గితే గానీ మన నాటు చిక్కుడు పూత పట్టదు. శ్రావణంలో పెట్టిన పాదు ఇప్పుడు పూస్తుంది, సరిగ్గా అప్పుడే పేనుబంక కూడా పడుతుంది. ఒక చిగురు వంచి చూడండి. నల్లటి పేను కాడ చుట్టూ అంటుకుని ఉంటుంది, తీపికి చీమలు ఎక్కుతుంటాయి. వాటి మధ్య బూడిద రంగులో నారింజ మచ్చలతో, చిన్న మొసలిలా నడిచే పురుగు ఒకటి కనిపిస్తుంది. చూడగానే నలిపేయాలనిపిస్తుంది, నలపకండి. అది అక్షింతల పురుగు పిల్ల. పేనును తినేది అదే. రెక్కలున్నది కాబట్టి అక్షింతల పురుగు మేడ మీదికీ వస్తుంది, ఒప్పుకుంటాను. గోదురుకప్ప ఎక్కదు కదా! జెముడుకాకి నేల మీద పొదల్లో నడుస్తూ నత్తల్ని ఏరుకుంటుంది, దానికి మేడతో పనిలేదు. తీగ మీద కూర్చున్న పసులపోలిగాడు పిట్ట మడి తవ్వుతుంటే దిగి వచ్చి పురుగుల్ని ఎత్తుకుపోతుంది. మేడ మీద ఈ బలగంలో సగం తగ్గిపోతుంది, ఆ సగం పని వేపనూనె సీసా పట్టుకుని మనం చేయాలి.

ఎలుకలు ఇంకా ముఖ్యం. సార్వా (వానాకాలం వరి) కోతలు కాగానే చేలో తిండి లేక ఎలుకలూ పందికొక్కులూ ఇళ్ల వైపు వస్తాయి. కంద దుంపలు కొరికేస్తాయి, మొలకలు తవ్వేస్తాయి. వాటి వెనకాలే జెర్రిపోతు వస్తుంది, ముంగిస వస్తుంది, రాత్రి గుడ్లగూబ వస్తుంది. జెర్రిపోతుకి విషం లేదు. తాచు అనుకుని కొట్టి చంపేస్తున్నారు, అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. చీకట్లో పెరట్లోకి టార్చి లేకుండా వెళ్లకండి, పాము కనిపిస్తే దూరంగా నిలబడి దాని దారిన పోనివ్వండి. మందు పెట్టి చంపిన ఎలుకను తిని గుడ్లగూబ కూడా చస్తుంది, కాబట్టి ఎలుకకి మందు కాకుండా బుట్టే (ఎలుకలబోను) పెట్టండి.

చలికాలంలో సెలవు దొరికితే గూడబాతుల కోసం ఆటపాక, మడ అడవుల కోసం కోరింగ వెళ్తాం. వెళ్లాలి కూడా. కానీ పెరట్లో మడి ఉన్న ఇంట్లో ఇలాంటి జీవాలతో చుట్టరికం రోజూ ఉంటుంది. నేను పెరటి వైపే మొగ్గుతాను.

ఇక గోడకు వేలాడే కుండీలు, మట్టి లేని సాగు అంటారా, కొత్తిమీర, పుదీనా వరకు బాగానే ఉంటాయి.

ఎండ ఉండి పెరడు ఎంచుకున్నవాళ్లు ఆలస్యం చేయొద్దు. వంగ, టమాటా నారు కడియం నర్సరీల్లో ట్రేల్లో దొరుకుతుంది. నవంబరులో నాటితే సంక్రాంతి దాటాక కోతకొస్తుంది. మడి అంచున బంతి వేయండి. కోతలు మొదలయ్యాయి కాబట్టి ఎండుగడ్డికి కొదవ లేదు, మొక్కల మొదట్లో రెండంగుళాల మందాన పరవండి. ఆ గడ్డి కిందే గోదురుకప్పలు పగలు తలదాచుకుంటాయి.