మా బార్‌లో మూడేళ్లుగా వాడుతున్న 30 మి.లీ. పోరర్లు, తూకం మిషను

నెల్లూరులో మాది బార్ అండ్ రెస్టారెంట్. ముగ్గురు భాగస్తులం, అందులో రాత్రి క్లోజింగ్ లెక్క నాది. సీసా మూతికి బిగిస్తే ఒక్కసారికి 30 మి.లీ. మాత్రమే పోసే బాల్ పోరర్లు మూడేళ్ల కిందట తెప్పించాం, ఒక్క గ్రాము తేడా కూడా చూపించే తూకం మిషను కూడా అప్పుడే కొన్నాం. ఇవి కొనొచ్చా అని కావలి, గూడూరు వైపు నుంచి కూడా ఫోన్లు చేసి అడుగుతుంటారు, అందుకని వాడింది వాడినట్టు రాస్తున్నా. ముందే చెప్పేస్తా, రెండిట్లో ఒకటే కొనగలిగితే తూకం మిషను కొనండి.

అసలు నష్టం ఎక్కడ వస్తుందో మొదట మాకే తెలియదు. క్వార్టర్ అడిగినవాళ్లకు సీలు టేబుల్ దగ్గరే తీస్తాం కాబట్టి అందులో పోయేదేమీ లేదు. బీరు సంగతీ అంతే, పగిలితే పెంకులు కనపడతాయి. పోయేదంతా లూజులోనే, అంటే పెగ్గుల్లెక్కన పోసి అమ్మేదాంట్లోనే పోతుంది. 750 మి.లీ. ఫుల్ సీసాలో 30 మి.లీ. స్మాల్ పెగ్గులు 25 రావాలి, మాకు 22 దాటేవి కావు. దొంగతనం అనుకున్నాం. కానీ లెక్క వేసి చూడండి, పెగ్గుకు 4 మి.లీ. చెయ్యి జారితే, అంటే 30కి బదులు 34 పడితే, ఆ సీసా 22 పెగ్గులకే అయిపోతుంది. పెగ్గు 150 రూపాయలు వేసుకున్నా సీసాకు 450. శనివారం రద్దీలో కౌంటర్ మీద ఆరేడు ఆర్డర్లు ఒకేసారి పడితే స్టీలు పెగ్గు కొలత పక్కన పెట్టేసి కంటి అంచనాతో పోసేస్తారు, అప్పుడు 4 మి.లీ. అంటే ఎంత, సీసా కాస్త ఎక్కువ వంగినట్టే ఉంటుంది.

పోరర్ పనిచేసే తీరు సులువే. సీసా తలకిందులు చేస్తే సరుకుతో పాటు లోపలున్న స్టీలు గుండ్లు కూడా గొట్టంలో కిందికి జారతాయి, చివరికి వచ్చి దారి మూసేస్తాయి, ధార ఆగిపోతుంది. లార్జ్, అంటే 60 మి.లీ. కావాలంటే సీసా నిలబెట్టి, గుండ్లు వెనక్కి వెళ్లాక మళ్లీ వంచాలి. ఇది మా కుర్రాళ్లకు అలవాటు కావడానికి పదిహేను రోజులు పట్టింది. సీసాను ఏటవాలుగా వంచితే గుండ్లు సరిగా జారవు, కొలత తప్పుతుంది, నిటారుగా తిప్పాలి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన వోడ్కా చల్లగా చిక్కబడి ఉంటుంది, దానికి ఒక లెక్క, బయట ఉన్న విస్కీకి ఒక లెక్క. ఇక తియ్యటి లిక్కర్లకైతే ఇవి పెట్టకండి, జిగురు పట్టి గుండు మధ్యలోనే అతుక్కుపోతుంది, వాటికి స్టీలు కొలతే దిక్కు.

మేం ఆన్‌లైన్‌లో 24 తెప్పిస్తే అందులో 5 తప్పు కొలతవి. అమ్మినవాళ్లకు చెబితే నీళ్లతో చూసుకోండి, కరెక్టుగానే ఉంటాయి అన్నారు. నీళ్లతో నిజంగానే బాగానే వచ్చింది! కానీ మనం అమ్మేది నీళ్లు కాదు కదా, 42.8 శాతం ఆల్కహాలు ఉన్న విస్కీ నీళ్లకంటే చిక్కగా ఉంటుంది, గుండు నెమ్మదిగా జారుతుంది. ల్యాబ్ సామాన్ల అంగట్లో గీతల గాజు గొట్టం ఒకటి కొనుక్కొచ్చి, ప్రతి పోరర్‌తో అసలు సరుకే ఐదేసి సార్లు పోసి చూశాను. ఆ తప్పు పోరర్లు ఐదూ 33 నుంచి 35 మి.లీ. దాకా ఇచ్చాయి. డబ్బులు వెనక్కి రాలేదు. మీరు కొంటే మాత్రం వచ్చిన రోజే ఇలా చూసుకోండి.

ఇప్పుడు తూకం సంగతి. 30 మి.లీ. అంటే 30 గ్రాములు కాదు, ఆల్కహాలు నీళ్లకంటే తేలిక కాబట్టి పెగ్గు బరువు 28 గ్రాముల పైచిలుకు ఉంటుంది. ఒక్కో బ్రాండు ఖాళీ సీసా బరువు ముందే పుస్తకంలో రాసుకుని, రాత్రి విప్పిన ప్రతి సీసా తూచి, ఖాళీ బరువు తీసేసి 28.3తో భాగిస్తే ఎన్ని పెగ్గులు మిగిలాయో తెలిసిపోతుంది. పదహారు సీసాలకు ఇరవై నిమిషాలు. అంతకుముందు సీసా పైకెత్తి లైటుకు చూసి ‘ముప్పావు ఉంది’ అని రాసుకునేవాళ్లం, ఆ ముప్పావులోనే రెండు పెగ్గులు అటూ ఇటూ.

ఇందులో నేను చేసిన ఒక పెద్ద తప్పు చెప్పాలి. వాడటం మొదలుపెట్టిన రెండో నెలలో ప్రతి ఆదివారం రాత్రి సరిగ్గా 12 పెగ్గులు షార్టేజీ వస్తోంది. ఆదివారం కౌంటర్ డ్యూటీ కోవూరు నుంచి బండి మీద వచ్చే కుర్రాడిది. నేను అందరి ముందే అడిగాను, నీ రోజే ఎందుకు తగ్గుతుంది అని. రెండు వారాల షార్టేజీ జీతంలో పట్టుకున్నాం కూడా. వాడు ఎదురు మాట్లాడలేదు. మూడో ఆదివారం నేను తూస్తుంటే పక్కకు వచ్చి, సింకులో వేడి నీళ్లలో నానుతున్న పోరర్ ఒకటి తీసి గుడ్డతో తుడిచి మిషను మీద పెట్టాడు. 21 గ్రాములని చూపించింది. “అన్నా, రోజూ ఇవి పెట్టే తూస్తున్నారు. ఆదివారం కడగడానికి తీసేసి తూస్తున్నారు” అన్నాడు.

పదహారు సీసాలకు 21 గ్రాముల చొప్పున 336 గ్రాములు, అంటే దాదాపు 12 పెగ్గులు. పాత పేజీలు తిప్పి చూస్తే ప్రతి సోమవారం అదే 12 ఎక్కువ వచ్చింది. ఎక్కువ వచ్చిన రోజు ఎందుకు వచ్చిందని నేను అడగలేదు, తక్కువ వచ్చిన రోజే మనిషిని నిలబెట్టి అడిగాను. ఆ రాత్రే పట్టుకున్న జీతం ఇచ్చేశాను, మర్నాడు అందరి ముందూ తప్పు నాదేనని చెప్పాను. ఇప్పటికీ అది తలుచుకుంటే బాధగానే ఉంటుంది, ఇరవై రెండేళ్ల పిల్లాడు ఆ రెండు వారాలు ఇంట్లో ఏమని చెప్పుకున్నాడో. దయచేసి మీరు పోరర్ తీసేసి తూచండి, లేదా దాని బరువు కూడా ఖాళీ సీసాకు కలిపి రాసుకోండి.

ఇంకో మంచి కూడా జరిగింది, ముందు అనుకోనిది. పెగ్గు తక్కువ పోశావని కస్టమర్లతో వచ్చే గొడవలు బాగా తగ్గాయి. అనుమానం ఉన్నవాళ్లకు ఎదురుగానే తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న స్టీలు కొలతలో పోసి చూపిస్తాం, అది ఎప్పుడూ కౌంటర్ మీదే ఉంటుంది, పోరర్ వచ్చిందని దాన్ని తీసెయ్యొద్దు.

సీసా సీసాకూ సెన్సారు పెట్టి కంప్యూటర్‌లో బిల్లుతో సరిచూసే సిస్టం కూడా ఒకాయన వచ్చి చూపించాడు. పెద్ద హోటళ్లకు బాగుంటుందేమో, మా సైజుకు ఆ ఖర్చు తిరిగి రాదనిపించి వద్దన్నాం.

ఇప్పుడు మాకు 750కి 24 పెగ్గులు ఖాయంగా వస్తున్నాయి, ఆ ఒక్కటీ ఒలికినదానికీ గొట్టంలో మిగిలినదానికీ వదిలేశాం. పోరర్ల రబ్బరు ఏడాదిన్నరకే గట్టిపడి పగులుతోంది, మూతి వదులై పక్కనుంచి కారుతుంది, ఈ వేసవిలో నాలుగు అలా పారేశాం. కొత్త సెట్టు ఈసారి ఆన్‌లైన్‌లో కాకుండా చెన్నై వెళ్లినప్పుడు చేత్తో చూసి తెస్తాను, గాజు గొట్టం వెంట పట్టుకెళ్తున్నా.